ఊ కొట్టేవాళ్ళ కోసం: ఐర్లండ్ సంస్కృతి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం.

నేను కెర్రీ కౌంటీలో ఒక వృద్ధాశ్రమంలో నర్సుగా పనిచేస్తున్నాను. మాది జనగామ దగ్గర ఒక పల్లె. ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. తెలుగులో కూడా రాస్తున్నది ఇక్కడ స్థిరపడిన మావాళ్ళు చదవాలని. ఇంకో కారణం కూడా ఉంది. నేను మీకు చెప్పదలచుకున్నదానికి ఇంగ్లిష్‌లో ఎంత వెతికినా మాట దొరకలేదు. మా భాషలో ఉంది. ఊ కొట్టడం అంటాం.

కథ చెప్పేవాళ్ళ పక్కన పడుకుని మాటమాటకూ "ఊ" అంటూ ఉండాలి. మా నానమ్మ దగ్గర ఊ ఆగిందంటే కథ ఆగిపోయేది. "నిద్రపోయినవా బిడ్డా?" అని ఒకసారి అడిగి, జవాబు రాకపోతే దుప్పటి కప్పి తనూ పడుకునేది. మిగతా సగం ఎంత బతిమాలినా మర్నాటి రాత్రికే. మా ఊరికి వచ్చే ఒగ్గు కథ వాళ్ళలో కూడా కథకుడు ఒంటరిగా నిలబడేవాడు కాదు, మాట అందుకునేవాళ్ళు పక్కన ఉండాల్సిందే.

మూడేళ్ళ కిందట చలికాలంలో నైట్ డ్యూటీ చేస్తున్నప్పుడు, తొంభై దాటిన ఒక పెద్దాయన నిద్రపట్టక నాకొక కథ ఎత్తుకున్నాడు. ఆయన అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను.

బుట్టలల్లుకుని బతికేవాడు ఒకడున్నాడు. చుట్టుపక్కల కొమ్మలన్నీ అయిపోయాయి. మిగిలింది ఒక్క లోయ. అది "ఆ మంచివాళ్ళ"ది. అసలు పేరు పలకడానికి భయపడి, మాయలోకపు జనాన్ని ఇక్కడ అలాగే అంటారు. ఆకలికి భయం ఎక్కడిది? వెళ్ళాడు, రెండు మోపులు కోశాడు. పొగమంచు కమ్మేసింది. దూరంగా దీపం కనిపిస్తే ఆ ఇంటికి చేరాడు. లోపల ముసలి దంపతులు పొయ్యి దగ్గర చోటిచ్చి, "ఒక కథ చెప్పు నాయనా" అన్నారు. "నా జన్మలో కథ చెప్పి ఎరగను" అన్నాడు. "అయితే పోయి బావిలోంచి బిందెడు నీళ్ళు తెచ్చిపెట్టు" అన్నారు. బావి దగ్గర వంగాడో లేదో పెద్దగాలి వచ్చి ఎత్తుకుపోయింది.

ఎక్కడో ఒక చావింట్లో పడేసింది. శవం చుట్టూ రాత్రంతా జాగారం చేస్తున్నారు. ఫిడేలు వాయించేవాడు కావాలన్నారు. "ఐర్లండ్‌లోకెల్లా గొప్ప వాయిద్యగాడు ఇక్కడే ఉన్నాడుగా" అని అక్కడి పిల్ల ఇతన్ని చూపించింది. నా వల్ల కాదంటూనే వాయించాడు. పాదిరి కావాలన్నారు, పాదిరి పనీ చేయించారు. శవపేటిక మోసే నలుగురిలో ఒకడు మరీ పొడుగు, పేటిక ఒరిగిపోతోంది. వైద్యుడివి నువ్వేగా అని కత్తి చేతికిచ్చి వాడి కాళ్ళు కోయించి, నలుగురికీ సమానంగా అతికించమన్నారు. అదీ చేశాడు. మళ్ళీ గాలి లేచింది. చూసుకుంటే బావి దగ్గరే ఉన్నాడు, చేతిలో బిందె. ఇంట్లోకి వెళ్తే ముసలాయన అడిగాడు: "ఇప్పుడైనా కథ చెప్పగలవా?" "చెప్పడానికి కథ ఉన్నవాణ్ణి నేనే" అన్నాడు వీడు. కడుపునిండా పెట్టి పడకేశారు. తెల్లారి లేస్తే తల కింద తను కోసుకున్న కొమ్మల మోపు.

ఈ కథ మీకు తెలిసే ఉంటుంది. ఈ దేశంలో ఎన్నో ఊళ్ళలో, ఎందరి నోటనో దొరికిన కథ ఇది. నేను చెప్పదలచుకున్నది కథ నడుమ జరిగిన సంగతి. అలవాటు కొద్దీ నేను "ఊ" అంటున్నాను. బావి దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగి, ఆ చప్పుడు ఏమిటని అడిగాడు. మా దగ్గర వినేవాళ్ళు అలా అంటారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నలభై ఏళ్ళయింది నేను ఇది చెప్పి. అడిగినవాళ్ళు లేరు" అన్నాడు. నా షిఫ్టు అయిపోయాక కూడా కూర్చుని మిగిలింది విన్నాను.

ఆ నవంబరులోనే స్నీమ్‌లో జరిగే కథల, జానపద ఉత్సవానికి మొదటిసారి వెళ్ళాను. రింగ్ ఆఫ్ కెర్రీ రోడ్డు మీద వంతెనకు అటొక చౌకు, ఇటొక చౌకు ఉన్న చిన్న ఊరు. ఐరిష్‌లో దాని పేరుకు "ముడి" అని అర్థం. 1969లో పదవి వదిలేసిన ఫ్రాన్స్ అధ్యక్షుడు చార్లెస్ దగోల్ ఆ ఊళ్ళో కొద్ది రోజులు ఉండి వెళ్తే, ఆయన కోసం ఒక స్మారకం నిలబెట్టుకున్న ఊరది. పరాయివాడు వచ్చి వెళ్ళడాన్ని అంతగా గుర్తుపెట్టుకునే చోటు నాకు వెంటనే నచ్చింది.

నవంబరు కథల కాలం. సావిన్ పండుగతో చీకటి రోజులు మొదలై, మే వచ్చేదాకా పొయ్యి చుట్టూ కథలు చెప్పుకునేవాళ్ళట. పగలు కథ చెప్తే అరిష్టమని పాతవాళ్ళ నమ్మకమట. మా నానమ్మ కూడా అంతే, పగలు అడిగితే ప్రయాణంలో ఉన్నవాళ్ళు దారి తప్పుతారని కసిరేది. ఆ రాత్రి ఒక పబ్బులో కథ మొదలవగానే కాఫీ మిషన్ ఆపేశారు. గ్లాసులు కడగడం మానేశారు. తర్వాత ఒకావిడ కళ్ళు మూసుకుని, ఏ వాద్యమూ లేకుండా ఐరిష్‌లో పాట ఎత్తుకుంది. పక్కనున్న ముసలాయన ఆమె చేయి పట్టుకుని, పాట నడకను బట్టి మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. పాతకాలపు ఐరిష్ పాటకు ఇది మర్యాద అని తర్వాత తెలిసింది. నాకైతే చెప్పనక్కర లేకపోయింది. అది మా ఊ. నోటితో అనకుండా చేత్తో అంటున్నారు.

ఆమె తర్వాత ఒకతను ఫ్లూట్ మీద వాయించింది స్నీమ్ ఉన్న ఈ ఐవెరా ద్వీపకల్పానికే చెందిన బడిపంతులు, కవి తోమాస్ రువా ఓ సూలవాన్ పాట. రెండు వందల ఏళ్ళ కిందటి మనిషి. డెరినేన్ నుంచి పోర్ట్‌మగీకి ఇల్లు మారుతుంటే, పుస్తకాలు ఎక్కించిన పడవ మునిగిపోయిందట. ఆ పుస్తకాల కోసం ఏడ్చిన పాట అది. పుస్తకాలు సముద్రంలో కలిశాయి. పాట మాత్రం పబ్బులో ఉంది.

మంత్రి గారూ, అదే ద్వీపకల్పంలో కిల్ రియాలిగ్ అనే కొండంచు పల్లె ఉంది. అక్కడ షాన్ ఓ కొనల్ అనే రైతు ఉండేవాడు. చదవడం రాయడం రాదు, ఇంగ్లిష్ రాదు. 1923లో పండితుడు జేమ్స్ డెలార్గీ ఆయన్ను కలిసేనాటికి డెబ్బై ఏళ్ళు. ఒంటినిండా కథలే. కానీ ఊళ్ళో పడుచువాళ్ళకు ఆ కథలు అక్కర్లేకపోయాయి. మరిచిపోతానేమోనన్న భయంతో ఆయన ఎవరూ లేనప్పుడు తనకు తానే చెప్పుకునేవాడు. సంత నుంచి బండి వెనక నడిచి వస్తూ, చేతులు తిప్పుతూ, గొంతు పెంచుతూ తగ్గిస్తూ, ముందు జనం కూర్చుని ఉన్నట్టే కథ చెప్పేవాడని, పశువులు మేపుతూ రాతిగోడకు కథ చెప్తుంటే కన్నకొడుకు చూశాడని డెలార్గీ రాశాడు. ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కథకు కాళ్ళు లేవు, ముంతకు చెవులు లేవు అంటాం మేం. ఆ దారిన కథకు కాళ్ళున్నాయి, చెవులే కరువయ్యాయి.

డెలార్గీ పట్టుదల వల్లే 1935లో మీ ప్రభుత్వం ఐరిష్ జానపద కమిషన్ పెట్టింది. సేకరించేవాళ్ళు ఎడిఫోన్ యంత్రం మోసుకుని పల్లెలు తిరిగారు. మైనపు గొట్టాల మీద గొంతు పట్టి, కాగితం మీదికి ఎత్తి రాసుకున్నాక, ఖర్చు భరించలేక ఆ మైనం చెక్కేసి మళ్ళీ వాడారు. మాట మిగిలింది, గొంతు పోయింది. అదే 1935లో, లైసెన్సు లేకుండా బహిరంగ డాన్సులు జరపకూడదనే డాన్సు హాళ్ళ చట్టం వచ్చింది. ఆ చట్టం పేరు చెప్పి పాదిరులు, పోలీసులు ఇళ్ళలో జరిగే ఆటపాటలను కూడా ఆపించారు. అవే ఇళ్ళు. ఇరుగుపొరుగు రాత్రిపూట చేరి కథ, పాట, ఫిడేలు అన్నీ పంచుకునే ఇళ్ళు. కెర్రీలో వాటిని రాంబ్లింగ్ హౌస్ అంటారు, మాకు అరుగు ఎలాగో అలాగ. ఒక చేత్తో రాజ్యం కథలు కూడబెట్టింది, ఇంకో చేత్తో అవి వినే చోట్లు మూతపడుతుంటే అడ్డు పడలేదు. ఇది నింద కాదు. ఆ పొరపాటు ఇప్పుడు మళ్ళీ జరగకూడదని నా బాధ.

ఎందుకంటే మీరు కళాకారుల కోసం నిజంగానే ఖర్చుపెడుతున్నారు. 2022లో మొదలైన ప్రాథమిక ఆదాయ పథకం కింద 2,000 మందికి వారానికి 325 యూరోలు ఇచ్చారు. ఇంతకంటే ధైర్యమైన పని ఇంకో దేశం చేయడం నేను చూడలేదు. సంగీతం సంగతికి వస్తే, 1951లో ఐరిష్ సంప్రదాయ సంగీతం కోసం కోల్తస్ సంఘం పుట్టి ఊరూరా పిల్లలకు నేర్పింది కాబట్టి, ఈ రోజు ఫ్లా అనే దాని సంగీత పండుగకు లక్షల మంది వస్తున్నారు. మరి కథ? కథకు కోచింగ్ పెట్టి పోటీలు జరిపితే సరిపోదు. ఫిడేలు ఒంటరిగా గదిలో సాధన చేయొచ్చు. ఎదుట మనిషి లేకుండా కథ సాధన చేసిన షాన్ ఓ కొనల్ బతుకు ఎలా గడిచిందో చూశాం కదా.

నేను అడిగేది డబ్బు కొలిచే పద్ధతి మార్చమని. చిన్న ఊళ్ళ ఉత్సవాల కోసం దరఖాస్తు నింపే ఇద్దరు ముగ్గురితో కూర్చుని మాట్లాడాను. ఎంతమంది పర్యాటకులు వస్తారు, ఎన్ని గదులు నిండుతాయి, దీని చుట్టూనే వాళ్ళ లెక్కలన్నీ. పగలంతా ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్ళు ఈ కాగితాలతో కుస్తీ పడే స్వచ్ఛంద కార్యకర్తలు వాళ్ళు. ఇరవైమంది కదలకుండా గంటన్నర విన్నారంటే దాన్ని ఏ గడిలో రాయాలో వాళ్ళకు తెలియడం లేదు. చిన్న ఉత్సవాలకు ఏటేటా కాకుండా మూడేళ్ళకు ఒకేసారి నిధి ఇవ్వండి. ఉత్సవం జరిగే నాలుగు రోజులకే కాదు, ఆ చలికాలమంతా వారానికొక రాత్రి కథలింటికి సరిపడా ఇవ్వండి. ఒక గది, పొయ్యి, చెప్పేవాళ్ళకు దారిఖర్చు, ముసలివాళ్ళను ఇంటి నుంచి తీసుకొచ్చి దింపే వ్యాన్. దీనికి పెద్ద మొత్తం అక్కర్లేదు. మా ఆశ్రమంలో ఉన్నవాళ్ళకైతే ఆ వ్యానే అన్నిటికంటే ముఖ్యం. అక్కడ కథలు వారం తిరక్కుండా మంచాల మీదే అయిపోతున్నాయి.

రెండో విన్నపం నా కూతురి గురించి. దాని వయసు పది. 1937 నుంచి 1939 దాకా ఈ దేశంలో దానికంటే కాస్త పెద్ద పిల్లలే, దాదాపు 50,000 మంది, 5,000 బడుల నుంచి, ఇంటికి వెళ్ళి తాతలనూ అవ్వలనూ అడిగి కథలు, సామెతలు, మందులు, దయ్యాల గుట్టలు నోటుబుక్కుల్లో రాసుకొచ్చారు. దాదాపు 7,40,000 పేజీలు. ఇప్పుడవి కంప్యూటర్‌లో ఎవరైనా చదవొచ్చు. నేను చాలా రాత్రులు చదివాను. జానపదానికి ఐరిష్‌లో ఉన్న మాటకు అర్థం "నోటి చదువు" అట. కానీ ఆ పిల్లలకు దొరికింది పేజీ కంటే పెద్దది: అడిగి, కూర్చుని, ఊ కొట్టిన ఒక సాయంత్రం.

2037లో ఆ పనికి నూరేళ్ళు. ఆలోపు మళ్ళీ చేయించండి. 2022 జనాభా లెక్కల ప్రకారం ఈ దేశంలో 7,51,507 మంది ఇంట్లో ఇంగ్లిష్, ఐరిష్ కాని భాష మాట్లాడుతున్నారు. బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్ళు 71,968 మంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి భయపడేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. నా కూతురు బడిలో ఐరిష్ ఇష్టంగా నేర్చుకుంటోంది. అది బడి నుంచి వచ్చేసరికి ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర, చలికాలంలో మా ఊళ్ళో అప్పుడు రాత్రి తొమ్మిది. మా అమ్మ ఫోన్లో దానికి కథ చెప్తుంది. "ఇక్కడ ఇంకా పగలే కదా అమ్మమ్మా, ఎవరూ దారి తప్పరు కదా?" అని అది ప్రతిసారీ అడుగుతుంది. "నేను రాత్రిలో ఉండి చెప్తున్న, ఏం కాదు" అంటుంది మా అమ్మ. పోలండ్ అవ్వలు, ఉక్రెయిన్ తాతలు, బ్రెజిల్, కేరళ, నైజీరియా ఇళ్ళలోని పెద్దవాళ్ళు కూడా ఇలాగే ఎక్కడో ఏదో రాత్రిలో కూర్చుని చెప్తూనే ఉంటారు. ఆ కథలూ, మా ఆశ్రమంలోని పెద్దాయన కథా ఒకే నోటుబుక్కులోకి రావాలి. వాటిని స్నీమ్ లాంటి ఊళ్ళో, ఐరిష్ కథ పక్కనే కూర్చోబెట్టి వినిపించాలి. ఐరిష్ కథ చోటు తగ్గించమని కాదు. దానికి చెవులు పెంచమని అడుగుతున్నాను. అడిగి వినడం అలవాటైన పిల్ల ఏ భాషలో చెప్పినా వింటుంది.

ఈ దేశానికి వచ్చినప్పుడు నా దగ్గర చదువు కాగితాలు అడిగారు, పోలీసు పత్రం అడిగారు, బ్యాంకు లెక్క అడిగారు. అన్నీ ఇచ్చాను. కథ చెప్పమని అడిగింది మాత్రం స్నీమ్‌లోనే. ఆ రాత్రి చివర్లో, ఇంకెవరైనా చెప్తారా అన్నారు. నా పక్కనున్నావిడ మోచేత్తో పొడిస్తే లేచాను. వచ్చీరాని యాసతో మా నానమ్మ చెప్పిన ఏడు చేపల కథ చెప్పాను. రెండో చేప దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీ నుంచి ఎవరో "ఊ" అన్నారు. చీమ దగ్గరికి వచ్చేసరికి గదంతా అంటోంది.

బుట్టలవాడి కథ చెప్పిన పెద్దాయన పోయిన ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. దాన్ని నా కూతురు ఒక నోటుబుక్కులో ఎడమ పేజీ ఐరిష్‌లో, కుడి పేజీ తెలుగులో రాసింది. ఐరిష్‌లో తప్పులున్నాయి, బడిలో టీచర్ దిద్దారు. నకలు ఈ లేఖకు జతచేస్తున్నాను. మీరు చదవకండి. మీ ఇంట్లో ఎవరిచేతనైనా పైకి చదివించుకుని వినండి.

ఇట్లు,
కెర్రీలో పనిచేస్తున్న ఒక తెలుగు నర్సు