వార్షిక నివేదిక: వరద సహాయం, ఆ తర్వాతి నెలల పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

నియమావళి ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి. మామూలు సంవత్సరమైతే వార్షికోత్సవం, ఆటల పోటీలు, రక్తదాన శిబిరం వరసగా చెప్పుకొచ్చేవాణ్ని. ఈ ఏడాది అవేవీ పెట్టలేదు. తుపాను, దాని వెంట వరద, ఆ తర్వాత నెలల తరబడి ఇళ్లు బాగుచేసుకోవడం, వీటితోనే ఏడాది గడిచింది. ఈ నివేదిక మొత్తం దాని గురించే.

నీళ్లు ఊళ్లో ఉన్న రోజుల గురించి ఎక్కువ చెప్పను. అప్పుడు అందరూ వచ్చారు, చేతనైంది చేశారు. పునరావాస కేంద్రంగా మారిన బడిలో మన ఉపసంఘాలు పట్టుబట్టి సాధించినవి మాత్రం రికార్డులో ఉండాలి. సహాయ శిబిరాలకు ప్రపంచమంతా పాటించే స్పియర్ ప్రమాణాలున్నాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, తలదాచుకోవడానికి ఒక్కొక్కరికి 3.5 చదరపు మీటర్ల జాగా, 20 మందికో మరుగుదొడ్డి ఉండాలంటాయవి. నీళ్ల లెక్క అందుకున్నాం. జాగా లెక్క అందలేదు, గదులే లేవు. మరుగుదొడ్లు ఆడవాళ్లకు వేరుగా, రాత్రంతా దీపం వెలిగేలా, లోపల గడియ పడేలా మహిళా ఉపసంఘం దగ్గరుండి చూసింది. ఆ పని ఎవరి ఫొటోల్లోనూ లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ట్యాంకరు నీళ్లను కూడా ఆరోగ్య ఉపసంఘం పరీక్షించకుండా పంచనివ్వలేదు. క్లోరిన్ కలిపాక అరగంట ఆగి, లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉంటేనే కొళాయి తిప్పారు. బురద నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ చల్లితే సరిపోతుందని చాలామంది అనుకున్నారు. మట్టి అడుగుకు చేరి, నీరు తేరుకుని, వడకట్టాక వేస్తేనే దాని పని అది చేస్తుంది. ఈ మాట ఇంటింటికీ తిరిగి చెప్పినవాళ్లు కొందరితో మాటలు కూడా పడ్డారు. వాళ్లకు నా నమస్కారం.

వరద తీసింది. అసలు పని అప్పుడు మొదలైంది. బ్యానర్లు కట్టుకొచ్చిన బళ్లు వెళ్లిపోయాయి. వాట్సాప్ గ్రూపులో 'నేనున్నాను' అని పేరిచ్చినవాళ్లలో సగానికి పైగా బురద ఎత్తే వారం కనబడలేదు. ఉద్యోగాలున్నాయి, పిల్లల చదువులున్నాయి, కాదనను. కానీ పొట్లాలు పంచే రోజు పదిమంది చాలిన చోట యాభైమంది నిలబడ్డారు. మంచం కింద మోకాటిలోతు బురద పేరుకున్న ముసలివాళ్ల ఇంటికి వెళ్లే రోజు నలుగురం మిగిలాం. ఈ మాట సభలో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి?

ఆ నలుగురైదుగురే ప్రతి ఇంట్లో ఒకే క్రమం పాటించారు. ముందు మెయిన్ ఆపారు. ఎలక్ట్రీషియన్ చూసి సరేననేదాకా స్విచ్ ముట్టుకోనివ్వలేదు. జనరేటరును వర్షమొచ్చినా గదిలోకి తేనివ్వలేదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి గాయానికి తగిలితే లెప్టోస్పైరోసిస్ వస్తుందని డాక్టర్లు చెప్పారు కాబట్టి బూట్లు, గ్లవుజులు లేనివాళ్లకు పార ఇవ్వలేదు. గోడలకు వెంటనే రంగు వేయించొద్దని బతిమాలాం. లోపలి తడి ఆరకముందే వేసిన రంగు పొరలుగా లేచిపోతుంది, వెనకాల బూజు మిగులుతుంది. కొందరు విన్నారు.

ఈ ఏడాది మన సంఘం తలెత్తుకుని చెప్పుకోగల పని ఒకటుంది. అదే కాగితాల శిబిరం. ఇల్లు ముంపుకు గురైనవాళ్లు బియ్యం, దుప్పట్ల తర్వాత అడిగింది కాగితాల గురించే. పట్టాలు, దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు ముద్దలై పడి ఉన్నాయి. లైబ్రరీలో పనిచేసి రిటైరైన మన సభ్యురాలొకరు ముందుకొచ్చి, తడిసిన కాగితానికి రెండు రోజుల్లోపే బూజు మొదలవుతుందనీ, ఆలోగా ఆరబెట్టలేనివి ఫ్రీజర్లో పెడితే ఆగుతుందనీ చెప్పారు. కరెంటు వచ్చిన పై అంతస్తుల వాళ్లు ఫ్రీజర్లు ఖాళీ చేసి ఇచ్చారు. కమ్యూనిటీ హాలంతా తాళ్లు కట్టి, ఫ్యాన్లు పెట్టాం. ఆమె చెప్పినట్టే కాలేజీ పిల్లలు చేశారు. పుస్తకాన్ని మూసి పట్టుకునే మంచి నీళ్లలో బురద కడిగారు. అంటుకున్న పేజీలను లాగలేదు. ఎండలో వేస్తే వంకర్లు పోతుందని నీడలోనే, మధ్యమధ్య పీల్చే కాగితం పెట్టి ఆరబెట్టారు. ఫొటోలను బొమ్మ పైకి ఉండేలా పరిచారు. లామినేషన్ చేసినవి భద్రమనుకుని వచ్చినవాళ్లే ఎక్కువ బాధపడ్డారు. అంచుల్లోంచి లోపలికి చేరిన తడి బయటికి పోయే దారి లేక అక్షరాలు కరిగిపోయాయి. అన్నీ దక్కలేదు. దక్కినవాటిలో ఒక కుటుంబానికి ఇంటి పట్టా, ఒక అమ్మాయికి ఉద్యోగానికి కావలసిన డిగ్రీ పట్టా ఉన్నాయి. ఆ పిల్లలందరినీ ఈ రోజు వేదిక మీదికి పిలుస్తున్నాం. దయచేసి లేచి నిలబడి చప్పట్లు కొట్టండి.

ఆ కాగితాలే తర్వాత నష్టపరిహారం దగ్గర అక్కరకొచ్చాయి. నష్టం నమోదుకు వచ్చిన సిబ్బంది కొన్ని వీధుల్లో బండి దిగలేదు. జనం శిబిరంలో ఉన్న సమయానికి వచ్చి 'తలుపు తాళం' అని రాసుకుపోయారు. అద్దెకున్నవాళ్ల పేర్లు జాబితాలోనే లేవు. ఇల్లు యజమానిదే అయినా, నీళ్లలో పోయిన సామాన్లు అద్దెకున్నవాళ్లవి కావా? ముంపు గుర్తు గోడ మీద కనబడుతుండగానే తేదీతో ఫొటోలు తీయించి, అర్జీలు రాయించి, జాబితా రెండోసారి వేయించగలిగాం. ఇంకా రావలసినవాళ్లున్నారు. వానలకు ముందే కాలువ పూడిక తీయమని మనమిచ్చిన అర్జీలకు ఈ రోజుకీ జవాబు లేదు. వాటి రసీదులు ఆఫీసులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

జమాఖర్చులు ఆడిటరు చూసి సంతకం చేశారు. ప్రతి సీటు మీదా ఒక ప్రతి ఉంచాం. వరద నిధిలో మిగిలింది బాగుచేతలకే వాడాలని కార్యవర్గం తీర్మానించింది. సందేహాలుంటే కోశాధికారి చెబుతారు.

కృతజ్ఞతలు చెప్పవలసినవాళ్లు చాలామంది. కూలి తీసుకోకుండా ఇల్లిల్లూ తిరిగిన ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు. ట్రాక్టర్లు, పడవలు ఇచ్చినవాళ్లకు. వంటశాలలో పొయ్యి ఆరనివ్వని తల్లులకు. సొంతిల్లు మునిగినా మన వీధులు ఊడ్చిన పారిశుద్ధ్య కార్మికులకు, వాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. బడి తాళాలు అర్ధరాత్రి తెచ్చి ఇచ్చిన హెడ్మాస్టరు గారికి, ఆశా కార్యకర్తలకు, నర్సులకు, మందులిచ్చిన డాక్టర్లకు, దూరాల నుంచి డబ్బు పంపిన పాత సభ్యులకు, పక్క కాలనీ సంఘానికి. ఏ పేరైనా విడిగా చేర్చాలంటే సభ ముగిసేలోగా చెప్పండి, మినిట్స్‌లో రాస్తాం.

వచ్చే వానాకాలానికి వీధికో ఇద్దరు బాధ్యులు కావాలి. ఒంటరిగా ఉండే వృద్ధుల, గర్భిణుల, మంచం పట్టినవాళ్ల జాబితా వాళ్ల దగ్గర ఉండాలి. వారానికోసారి తొట్లు, టైర్లు, కుండీల్లో నిలిచిన నీళ్లు పారబోయించాలి, వారం పది రోజుల్లో దోమ గుడ్డు రెక్కల దోమవుతుంది. రిజిస్టరు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. రాగలిగినవాళ్లే పేరు రాయండి. సంఘం మోటారు పంపులు, పొడవు గొట్టాలు ఎవరి దగ్గరున్నా ఈ నెలాఖరులోగా ఆఫీసుకు చేర్చండి, సర్వీసింగ్ చేయించాలి.

ఇట్లు,
కార్యదర్శి