జర్మనీకి వస్తున్న మామకి, సిమ్ గురించీ ఇంటి నెట్ గురించీ

లైప్‌జిగ్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. వీసా చేతికొచ్చిందన్న మాట విని ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కాకినాడ హాస్టల్ వదిలాక ఇన్నేళ్లకి మళ్లీ ఒకే దేశంలో ఉండబోతున్నాం. నువ్వు రాబోయే ఇంగోల్‌స్టాట్ నాకు రైల్లో మూడు గంటల పైచిలుకు, అంతే. చెల్లెమ్మనీ పాపనీ రెండు నెలలాగి తీసుకొస్తానన్నావు చూడు, అది చాలా మంచి ఆలోచన. ఎందుకో కింద చెప్తాను.

"దిగగానే ఏ సిమ్ కొనాలి, ఇంటికి ఏ నెట్ పెట్టించాలి, పేరు చెప్పు చాలు" అన్నావు. పేరు చెప్పడం ఒక్క నిమిషం పని. కానీ ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ నీకు తగలకూడదు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నేను 2018 అక్టోబరులో మాగ్డెబుర్గ్‌లో దిగాను. అద్దెకున్న వాళ్ల దగ్గర మళ్లీ అద్దెకి తీసుకున్న చిన్న గది. ఇంట్లో నెట్ లేదు. వచ్చిన కొత్త, ఇంటికి దూరంగా ఉన్నానన్న బెంగ, అమ్మతో రోజూ మాట్లాడాలన్న ఆత్రం. ఊరి మధ్యలో ఒక షాపులోకి వెళ్తే ఇంగ్లీషు వచ్చిన కుర్రాడు ఎంతో మర్యాదగా మాట్లాడి ఇంటి నెట్ కాంట్రాక్టు కాగితం ముందు పెట్టాడు. అంతా జర్మన్. ఒక చోట 24 అన్న అంకె కనిపించింది. అది నెలలని తెలుసు, కానీ దాని అర్థమేంటో ఆ రోజు తెలియలేదు. సంతకం పెట్టేశాను.

నవంబరు ఆఖర్లో టెక్నీషియన్ వస్తాడని ఉత్తరం వచ్చింది. పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపు ఎప్పుడైనా రావచ్చట. క్లాసు మానేసి రోజంతా ఇంట్లోనే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. సాయంత్రం కిందికి దిగి చూస్తే పోస్టు డబ్బా మీద చిన్న కార్డు: "వచ్చాం, మీరు దొరకలేదు." ఎందుకు దొరకలేదో పక్కింటి పెద్దావిడ నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి చూపించింది. ఇక్కడ చాలా చోట్ల ఫ్లాట్లకి నంబర్లు ఉండవు మామా. కింద తలుపు పక్కన బెల్లుల వరస, ఒక్కో బెల్లు పక్కన ఒక్కో ఇంటిపేరు. నా బెల్లు పక్కన అసలు అద్దెదారు పేరే ఉంది. ఆ వచ్చినతను నా పేరు వెతుక్కుని, కనబడక వెళ్లిపోయాడు. మళ్లీ తేదీ జనవరి నడిమికి ఇచ్చారు.

ఆ మధ్యలోనే నాన్నకి గుండె ఆపరేషన్. సోమవారం పొద్దున 7 గంటలకి రాజమండ్రిలో లోపలికి తీసుకెళ్తారు. అప్పుడు నాకు ఆదివారం అర్ధరాత్రి దాటి రెండున్నర. అమ్మ ఫోను పట్టుకుంది, నాన్న ఆకుపచ్చ టోపీ పెట్టుకుని మంచం మీదున్నారు. "చలి ఎక్కువగా ఉందా నాన్నా" అని అడుగుతున్నారు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. నోరు కొద్దిగా తెరిచి, చెయ్యి సగం పైకెత్తి ఉన్న బొమ్మ. నా ప్రీపెయిడ్ డేటా అయిపోయింది. డేటా అయిపోతే ఇక్కడ పూర్తిగా ఆగదు, స్పీడు బాగా పడిపోతుంది. ఉత్త అక్షరాల మెసేజ్‌కి కూడా గడియారం గుర్తు పడుతుంది. ఆదివారం ఈ దేశంలో సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసేస్తారు, రీఛార్జ్ కార్డు కొందామన్నా దారి లేదు. మంచులో నడుచుకుంటూ రాత్రంతా తెరిచి ఉండే పెట్రోల్ బంకుకి వెళ్లాను. కిటికీ కింద సొరుగులో డబ్బులు పెడితే, అదే సొరుగులో రీఛార్జ్ నంబరున్న కాగితం వచ్చింది. వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ నంబరు కొట్టాను. కాల్ కలిసేసరికి నాన్నని లోపలికి తీసుకెళ్లిపోయారు.

దేవుడి దయవల్ల నాన్న ఇప్పుడు బాగున్నారు. నీ గురించి అడుగుతుంటారు కూడా. కానీ ఆ ఆగిపోయిన బొమ్మ ఇప్పటికీ నా కళ్లముందే ఉంటుంది. నెట్ అంటే సినిమాలు చూసుకోవడానికే కదా అనుకునేవాణ్ణి. పరాయి దేశంలో ఉన్నవాడికి అది అమ్మానాన్నల దగ్గరికి వెళ్లే దారి.

ఇక డబ్బు సంగతి. ఏడు నెలలకి ఆ గది ఖాళీ చేసి స్నేహితుల ఇంట్లోకి మారాను. అక్కడ అప్పటికే నెట్ ఉంది. నాది ఆపెయ్యమని అడిగితే కుదరదన్నారు. కొత్త అడ్రసులో వాళ్లు కనెక్షన్ ఇవ్వలేకపోతేనే మధ్యలో వదిలించుకునే హక్కు. ఇవ్వగలిగితే ఇల్లు మారినా కాంట్రాక్టు మన వెంటే వస్తుంది. మిగిలిన 17 నెలలూ నెలకి 40 చొప్పున, 680 యూరోలు వాడని నెట్‌కి కట్టాను. చదువుకునే రోజుల్లో, మామా.

అందుకని నీకు గట్టిగా చెప్పేది ఒక్కటే. మొదటి నెలలో ఏ షాపులోనూ సంతకం పెట్టొద్దు. షాపు అని ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, ఆన్‌లైన్లోనో ఫోన్లోనో ఇంటి గుమ్మంలోనో చేసుకున్న కాంట్రాక్టుని 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. షాపులోకి మనంతట మనం నడిచి వెళ్లి పెట్టిన సంతకానికి ఆ హక్కు లేదు. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. ఎదురుగా మనిషి ఉంటే ధైర్యంగా ఉంటుందని షాపుకే వెళ్తారు.

మరి మొదటి నెల ఎలా అంటావా? ప్రీపెయిడ్. ఆల్డి, లిడిల్ లాంటి సూపర్ మార్కెట్లలో సరుకులతో పాటే సిమ్ ప్యాకెట్లూ దొరుకుతాయి. వాళ్లకి సొంత టవర్లు లేవు. ఆల్డి టాక్ సిమ్ ఓటూ అనే కంపెనీ నెట్‌వర్క్ మీద నడుస్తుంది, లిడిల్ కనెక్ట్ వోడాఫోన్ మీద. డాయిచె టెలికామ్ అనే కంపెనీ టవర్లు కావాలంటే కాంగ్‌స్టార్ ఉంది, అది వాళ్ల సొంత కంపెనీయే. ప్యాకులు మన దగ్గర లాగే 28 రోజులవి, అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు కట్టాలి. అయినా పదీ పదిహేను యూరోల్లో నెల గడిచిపోతుంది. 2017 జులై నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కి కూడా గుర్తింపు చూపించాలి. వీడియో కాల్లో పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూపించమంటారు. అది కుదరకపోతే కంగారు పడకు, పోస్టాఫీసుకి పాస్‌పోర్టు తీసుకెళ్లి చూపించే పద్ధతి కూడా ఉంది. బ్యాంకు ఖాతా తెరవగానే దాన్నుంచి ఆటోమేటిక్‌గా రీఛార్జ్ అయ్యేలా పెట్టుకో. ఆదివారం అర్ధరాత్రి పెట్రోల్ బంకు పని నీకు పడకూడదు.

ఏ టవర్ మంచిదంటే, నువ్వు తిరిగే చోటుని బట్టి. ఊళ్లో ఓటూ సరిపోతుంది, చవక కూడా. పల్లెల్లో, రైళ్లలో మాత్రం టెలికామే ముందుంటుంది. నీ ఆఫీసు ఇంగోల్‌స్టాట్‌లోనే అయినా అద్దెలు చూసి చుట్టుపక్కల పల్లెలో ఇల్లు తీసుకుంటానంటున్నావు కదా, అలాగైతే ముందు నెల రోజులు ఒక టవర్ సిమ్ వాడి చూసుకో. వంటింట్లో, పడగ్గదిలో, బస్ స్టాపులో కాల్ చేసి చూడు. నంబరు పోతుందన్న భయం అక్కర్లేదు, అదే నంబరుతో కంపెనీ మారడానికి ఇప్పుడు రుసుము లేదు. ఫోన్లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ నడిపే సదుపాయం, ఆన్ చేసుకో. ఇక్కడ 3జీని 2021లోనే తీసేశారు, వోల్టీ లేకపోతే కాల్ వచ్చినప్పుడల్లా ఫోను పాత 2జీకి దిగిపోతుంది.

ఆ సిమ్‌తోనే ప్యారిస్ వెళ్లినా, ప్రాగ్ వెళ్లినా అదనంగా పడదు. యూరోపియన్ యూనియన్‌లో 2017 నుంచి అంతే. స్విట్జర్లాండ్ మాత్రం యూనియన్‌లో లేదు. మనవాళ్లందరికీ మొదటి ట్రిప్పు అదే కదా! వెళ్లే ముందు నీ ప్లానులో ఉందో లేదో చూసుకో. కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున నిలబడితే జర్మనీ వైపే ఉన్నా ఫోను అవతలి టవర్ పట్టేస్తుంది, అక్కడ రోమింగ్ ఆపుకో.

మన దేశపు నంబరు సంగతి మర్చిపోకు, ఇది ఇక్కడికొచ్చాక సరిదిద్దుకోలేనిది. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. బయల్దేరే ముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, మెసేజ్‌లు ఇక్కడ అందుతాయా అని కస్టమర్ కేర్‌లో అడుగు. వాడకుండా 90 రోజులు వదిలేసి, అందులో బ్యాలెన్స్ కూడా లేకపోతే ఆ నంబరు పోవచ్చు. ఎన్నారైలకి విదేశీ నంబరుతో యూపీఐ ఇస్తామని 2023లో మొదలుపెట్టినప్పుడు పది దేశాల పేర్లు చెప్పారు, అందులో జర్మనీ లేదు. కాబట్టి పాత నంబరు మీదే ఆధారపడు. నా మాట విని దాన్ని ప్లాస్టిక్ సిమ్‌గానే ఉంచి, ఇక్కడి నంబరు ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్) తీసుకో. ఫోను పాడైతే ఆ కార్డు తీసి ఇంకో ఫోన్లో వేసుకోవచ్చు.

ఇప్పుడు ఇంటి నెట్. ముందు కంపెనీని కాదు, గోడని చూడు. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బీరువాల వెనకా, తలుపుల పక్కనా వెతుకు. నలుచదరంగా తెల్లటి చిన్న పెట్టె, దానికి పక్కపక్కనే మూడు సన్నటి రంధ్రాలుంటే అది టెలిఫోన్ లైను, డీఎస్ఎల్ (ఫోను తీగ మీద నడిచే నెట్) వస్తుంది. గుండ్రటి కంతలున్న టీవీ సాకెట్ ఉంటే కేబుల్ నెట్‌కి అవకాశముంది. ఫైబర్ లోపలిదాకా వచ్చి ఉంటే నీ అదృష్టం. ఆ తర్వాత చెక్24, వెరివాక్స్ లాంటి ధరలు పోల్చే వెబ్‌సైట్లలో అడ్రసు కొడితే ఎవరెంత ఇస్తారో తెలుస్తుంది.

అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు. నువ్వు అప్‌లోడ్ చూడు. పాప నడుస్తుంటే అమ్మమ్మకి చూపించే బొమ్మ మన వైపు నుంచి వెళ్లేది అప్‌లోడ్ మీదే. డీఎస్ఎల్‌లో 50 ఎంబీపీఎస్ ప్లానుకి అప్‌లోడ్ బాగా తక్కువ, అదే 100 ప్లానుకి 40 దాకా ఉంటుంది. ఇద్దరూ ఇంటి నుంచి పని చేసే రోజులుంటాయి కాబట్టి 100 తీసుకో. 250కి వెళ్లినా అప్‌లోడ్ ఆ నలభయ్యే. కేబుల్లో డౌన్‌లోడ్ అంకెలు పెద్దవే, కానీ చుట్టుపక్కల ఇళ్లన్నీ ఒకే తీగ పంచుకుంటాయి కాబట్టి సాయంత్రాలు నెమ్మదించే అవకాశం ఉంది. పక్కింటివాళ్లని అడిగి తెలుసుకో.

ధర దగ్గర ఒక లెక్క వెయ్యాలి. "నెలకి 20 యూరోలు" అని పెద్దక్షరాలతో ఉంటుంది, అది మొదటి ఆరు నెలలకే. తర్వాత 45 అయితే, ఆరు ఇరవైలు 120, పద్దెనిమిది నలభై అయిదులు 810, 24 నెలలకి మొత్తం 930. నెలకి దాదాపు 39 పడినట్టు. దీని మీద కనెక్షన్ ఫీజు, రూటర్ అద్దె. ఫ్రిట్జ్‌బాక్స్ రూటర్ ఒకటి పాతది కొనుక్కుంటే అద్దె మిగులుతుంది, నీ సొంత రూటర్ పెట్టుకునే హక్కు 2016 నుంచి చట్టంలోనే ఉంది. కొనేముందు అది డీఎస్ఎల్‌దా కేబుల్‌దా చూసుకో, ఒకదాని రూటర్ ఇంకోదానికి పనికిరాదు.

నా రోజులకన్నా ఇప్పుడు చట్టం చాలా నయం. 2021 డిసెంబరు నుంచి కంపెనీలు 12 నెలలకి మించని కాంట్రాక్టు కూడా చూపించి తీరాలి, అడుగు. గడువు అయిపోయాక ఒక్క నెల నోటీసుతో ఎప్పుడైనా వదిలెయ్యొచ్చు. చెప్పిన రోజున టెక్నీషియన్ రాకపోతే 10 యూరోలు, లేదా నెల బిల్లులో అయిదో వంతు, ఏది ఎక్కువైతే అది నీకు ఇవ్వాలి. కానీ బెల్లు దగ్గర నీ పేరు లేకపోతే ఆ తప్పు నీ మీదే పడుతుంది.

కొత్తగా వచ్చినవాళ్లకి షుఫా అని ఇక్కడి సిబిల్ లాంటి రికార్డులో చరిత్ర ఉండదు, అందుకని కొన్ని కంపెనీలు కాంట్రాక్టు ఇవ్వబోమంటాయి. దాన్ని అవమానంగా తీసుకోకు. ఒకటి రెండు జీతాలు ఖాతాలో పడ్డాక మళ్లీ అడుగు. ఇందుకే చెల్లెమ్మనీ పాపనీ రెండు నెలలాగి తీసుకురావడం మంచిదన్నాను, వాళ్లు దిగేసరికి లైను నడుస్తూ ఉంటుంది. అప్పటికీ రాకపోతే సిమ్ వేసి ప్లగ్గులో పెట్టే రూటర్లున్నాయి, ఏ నెలకానెల ఆపుకునేది తీసుకో.

ఒక్కటి మాత్రం ఒట్టేసి చెప్పు మామా. టొరెంట్‌లో సినిమాలు దించొద్దు. ఇక్కడ ఆ లైను ఎవరి పేరు మీదుంటే వాళ్లకి లాయరు నోటీసు వస్తుంది, వందల యూరోలు కట్టమని. నా రూమ్మేట్‌కి వచ్చింది. వారం రోజులు వాడికి అన్నం సహించలేదు.

ఇల్లు దొరకగానే రెండు ఫోటోలు పంపించు. గోడలో ఉన్న సాకెట్‌ది ఒకటి, కింద బెల్లు పక్కన నీ పేరుది ఒకటి. సాకెట్ చూసి ఏం తీసుకోవాలో నేను చెప్తాను. పేరు పట్టీ చిన్నదిగా ఉంటుంది, మొత్తం పేరు పట్టదు. ఇంటిపేరు ఒక్కటే వెయ్యి, పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, కాంట్రాక్టులోనూ అదే రాయి. ఓనరు పట్టీ పెట్టించేదాకా తెల్ల కాగితం మీద రాసి టేపుతో అతికించినా చాలు.

మ్యూనిక్‌లో దిగగానే ఎయిర్‌పోర్టు వైఫై మీద ఒక్క మెసేజ్ పెట్టు. ఆ శనివారం నేను వచ్చేస్తాను.

నీ,
మామ