రామప్ప చెరువు గట్టు మీద ఒక ఉదయం

హనుమకొండ,
మే నెల.

చిరంజీవి బిడ్డకు నాన్న ఆశీస్సులు.

వేసవి సెలవులకు పిల్లలతో వస్తున్నానని, ఈసారి వాళ్లకు రామప్ప గుడి చూపించాలని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి ఒక మాట రాయాలనుకుంటున్నాను. గుడి తప్పకుండా చూద్దాం. అయితే తెల్లవారగానే ముందు చెరువు దగ్గరకు వెళ్లి, కట్ట మీద నడిచి, ఆ తర్వాతే గుడికి రావాలని నా కోరిక. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తర్వాత గుడికి జనం బాగా పెరిగారు. వారిలో చాలామంది మదనికల (గుడి బయటి స్త్రీ శిల్పాల) ముందు నిలబడి ఫోటోలు దిగి, నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడు చెప్పేది విని, నడిచిపోయేంత దూరంలో ఉన్న చెరువు వైపు కన్నెత్తి చూడకుండానే బస్సెక్కుతున్నారు. మొన్న ఆదివారం మీ అమ్మను తీసుకొని నేను ముందుగా చెరువు దగ్గరకే వెళ్లాను.

ములుగు దాటి, జంగాలపల్లి దగ్గర మళ్లి పాలంపేట దారి పట్టేసరికి ఇంకా మసక మసకగానే ఉంది. ఊళ్ల పక్కన కల్లాల్లో బీడీలు చుట్టే తునికాకు కట్టలు వరుసలుగా ఆరబెట్టి ఉన్నాయి. కట్టకు యాభై ఆకులు. వాటి కోసం ఆడవాళ్లు చీకటి ఉండగానే అడవికి బయలుదేరుతారు. రేల చెట్లు ఆకు కనపడకుండా పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. కారు ఆపి ఆ చెట్ల కింద కాసేపు నిలబడదామని మీ అమ్మ పట్టుబట్టింది, ఆగాం.

ఈ చెరువుకు మూడు వైపులా గుట్టలే ఉన్నాయి. తెరిచి ఉన్న నాలుగో వైపున కట్ట పోశారు, అంతే. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడిని కట్టించినట్లు అక్కడి శాసనం చెబుతుంది. చెరువు కూడా ఆ కాలపు పనే. ఆ రోజుల్లో ఊరిని నిలబెట్టాలంటే గుడి, చెరువు రెండూ కావాలి. మనిషి పేరు నిలబెడతాయని పెద్దలు చెప్పే ఏడింటిలో, అంటే సప్తసంతానాల్లో, తటాకం, దేవాలయం రెండూ చేరింది అందుకే. ఆ ఏడింటిలో 'సుతుడు' అని మాత్రమే చెప్పి కూతురిని వదిలేయడం మీద నాకు అభ్యంతరం ఉందని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

వానాకాలంలో నిండు చెరువు చూడడానికి బాగుంటుంది కానీ, చెరువు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఎండాకాలమే మంచిది. యాసంగి వరికి నీళ్లు వదిలిన తర్వాత మట్టం దిగుతుంది కాబట్టి, నీటి వైపు మట్టి కోసుకుపోకుండా కట్టకు పేర్చిన రాళ్లు వరుస వెంట వరుస బయటపడతాయి. నీళ్లను పొలాలకు వదిలేది తూము, ఎక్కువైన నీళ్లను కట్ట తెగకుండా బయటకు పంపేది మత్తడి. కాకతీయుల చెరువుల కిటుకంతా ఈ రెండింటిలో, కట్టకు స్థలం ఎంచుకోవడంలో ఉంది. పాకాల, లక్నవరం, ఘనపురం చెరువులదీ ఇదే పద్ధతి. ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల పథకం కింద గోదావరి నీళ్లు కూడా రామప్పకు చేరుతున్నాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్టను నమ్ముకొని నేటి ఇంజనీర్లు పథకం వేశారంటే ఆ కట్ట వేసినవాళ్లకు అంతకంటే యోగ్యతాపత్రం ఏం కావాలి? కట్ట పరిసరాల్లో చిన్న చిన్న పాత గుళ్లు కొన్ని శిథిలమై ఉన్నాయి. వాటిని చూస్తే బాధ వేసింది. పెద్ద గుడికి దక్కిన శ్రద్ధలో ఒక పాలు వీటికీ దక్కవలసింది.

నీళ్లు వెనక్కి తగ్గిన చోట నేల నెర్రెలు విచ్చి ఉంది. దాని నిండా నత్తగుల్లలు, ఆల్చిప్పలు ఉన్నాయి. నత్తగుల్ల కొంగ ఒకటి ముక్కు మధ్య సందుతో మెల్లగా బురదను వెతుకుతోంది. నీటికాకులు మోడుల మీద రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. వాటి ఈకలు నీటిని పీల్చుకుంటాయి కాబట్టి మునకకు సులువే గానీ, పైకి వచ్చాక ఇలా ఆరవలసిందే. చలికాలంలో వచ్చే వలస బాతులు ఎప్పుడో ఉత్తరానికి వెళ్లిపోయాయి.

అసలు నీకు చెప్పాలనుకున్నది తీతువు సంగతి. గులకరాళ్లు పరుచుకున్న చోట మేం నడుస్తుంటే ఒక తీతువు పెద్దగా అరుస్తూ మా తలల మీదుగా దూసుకువచ్చింది. అపశకునమని మీ అమ్మ ఆగిపోయింది. నేను కిందికి చూస్తే, నాలుగడుగుల దూరంలో ఒట్టి నేల మీద నాలుగు గుడ్లు, సన్నని కొసలు లోపలికి తిప్పి, అమర్చినట్లుగా ఉన్నాయి. మట్టి రంగు మీద నల్లటి మచ్చలు ఉండడంతో రాళ్లలో రాళ్లుగా కలిసిపోయాయి. గూడంటూ లేదు. మేం చప్పుడు చేయకుండా చాలా దూరం వెళ్లి చెట్టు నీడన కూర్చున్నాం. ఎండ ముదిరాక ఆ పిట్ట నీటి అంచుకు వెళ్లి, పొట్ట ఈకలను బాగా తడుపుకొని, గబగబా నడిచి వచ్చి గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి మళ్లీ వెళ్లింది, మళ్లీ తడుపుకొని వచ్చింది. ఈ కాలంలో పొదగడమంటే గుడ్లకు వేడినివ్వడంతో పాటు, అవి ఎండకు ఉడికిపోకుండా చల్లబరచడం కూడా. శకునం మాట మీ అమ్మ మళ్లీ ఎత్తలేదు. పైగా, కుక్కలు వస్తాయేమోనని లేవనీయలేదు.

మీరు వచ్చేసరికి ఆ పిల్లలు బయటకు రావచ్చు. తీతువు పిల్లలు గుడ్డు నుంచి వచ్చిన కొద్ది గంటల్లోనే నడుస్తాయి, ప్రమాదం పసిగడితే నేలకు అతుక్కుని కదలకుండా ఉండిపోతాయి. అందువల్ల మన పిల్లలను అక్కడ పరుగెత్తనివ్వకుండా, మన అడుగుల వెనుకే నడిపించాలి. చిన్నవాడికి నా పాత బైనాక్యులర్లు తుడిచి ఉంచాను.

వాళ్లకు చెప్పులు కాకుండా బూట్లు, లేత రంగు నూలు బట్టలు, టోపీలు సర్దు. తొమ్మిది దాటితే కట్ట రాళ్లు కాలుతాయి కాబట్టి, ఇంటి నుంచి నాలుగున్నరకే బయలుదేరాలి. అల్లుడుగారికి ఆ వేళకు లేవడం కష్టమని తెలుసు, ఆయన్ను కారులో నిద్రపోనిద్దాం. రైలు టికెట్లు ఖాయం కాగానే తేదీ తెలియజేయి.

ఇట్లు,
మీ నాన్న