అది పాడుబడ్డ విమానం కాదండీ

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ పత్రిక లోపలి పేజీలో ‘తుప్పు పడుతున్న విమానం, పట్టించుకునే నాథుడే లేడు’ అని మన ఎయిర్‌స్ట్రిప్ ఫొటో వేశారు. ఆ రోజే రాద్దామనుకుని ఊరుకున్నాను. కానీ కనిపించిన ప్రతివాళ్లూ ‘ఆ పాత ఇనుము ఇంకా తీయలేదా?’ అని అడుగుతుంటే ఇక రాయక తప్పలేదు.

అది పొలాలకు మందు కొట్టే విమానం. కోతలయ్యాక చలికాలంలో దానికి పనుండదు కాబట్టి కట్టేసి ఉంచారు. గాలికి తిరగబడకుండా రెక్కలను నేలలోని కొక్కేలకు తాళ్లతో బిగించారు. ‘ఆకతాయిలు కట్టిన ఎర్రగుడ్డ పేలికలు’ అని మీరు రాసినవి, ఎగిరే ముందు తీసేయాల్సిన మూతలకు గుర్తులు. వేగం కొలిచే గొట్టంలో పురుగులు గూడు పెట్టకుండా ఆ మూతలు పెడతారు. కాక్‌పిట్ పైనుంచి తోక దాకా ఉన్నది ‘వేలాడుతున్న వైరు’ కాదు మహాప్రభో! పంటను రాసుకుంటున్నట్టు ఎగిరేటప్పుడు కరెంటు తీగ అడ్డొస్తే, అది తోకకు చిక్కుకోకుండా పైనుంచి జారిపోవడానికి బిగించిన తీగ అది.

ఇక తుప్పు సంగతి. రెక్కల రేకు అల్యూమినియం. దానికి ఎర్ర తుప్పు రాదు, పాడైతే తెల్లపొడి కడుతుంది. అసలు భయం లోపలి ఉక్కు గొట్టాలకు. అతుకుల్లో మందో ఎరువో కాస్త మిగిలినా తేమ తగిలి తినేస్తుంది. అందుకే సీజన్ అవగానే శుభ్రంగా కడుగుతారు. ఖాళీ ట్యాంకులో చెమ్మ నీరై దిగుతుందని ఇంధనం నిండా పోసి ఉంచుతారు. మీ విలేకరి యజమానికి ఒక్క ఫోన్ చేసుంటే ఇదంతా ఆయనే చెప్పేవారు. ఒకప్పుడు విలేకరులు అడిగి రాసేవారు, ఇప్పుడు ఫొటో తీసి ఊహించి రాస్తున్నారు.

పాడుబడిందేదైనా ఉంటే అది ఆ ఎయిర్‌స్ట్రిప్పే. కంచె లేదు, గేటు లేదు. ‘ప్రవేశం నిషిద్ధం’ అనే బోర్డుకు మాత్రం కొత్త రంగు వేశారు! గాలి దిశ చూపే విండ్‌సాక్ చిరిగి పేలికలైంది, రన్‌వే పగుళ్లలో గడ్డి మొలిచింది. అర్జీ పెడితే ఒక ఆఫీసు ‘మా పరిధి కాదు’ అంటుంది, ఇంకో ఆఫీసు ‘ఫైలు మా దాకా రాలేదు’ అంటుంది. విమానాలు రావట్లేదు కాబట్టి బాగుచేయరట. అలా ఉంటే ఏ పైలట్ దిగుతాడండీ? 1921లో అమెరికాలోని ఒహైయోలో చెట్లకు విమానంతో పురుగుమందు చల్లారు. నూరేళ్లు దాటినా మన అధికార్లకు ఈ పని ఇంకా వింతే.

మీ వార్త పుణ్యమా అని ఇప్పుడు కుర్రాళ్లు రెక్కలెక్కి సెల్ఫీలు దిగుతున్నారు. వెనకంచు మీద కాలు పెడితే వంగిపోతుందని వాళ్లకెవరు చెప్పాలి? వదిలేసిన విమానమని పేపర్లోనే వచ్చింది కదా అని ఎదురు ప్రశ్న వేస్తున్నారు.

సవరణ వేస్తే ఆ ఫొటో ఎంత సైజులో వేశారో అంత సైజులో వేయండి. మూల నాలుగు లైన్లు వేసి సరిపెట్టొద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు