ప్రోటియోమిక్స్ సదస్సులో ఉద్దానానికీ మన్యానికీ చోటుండాలి

సంపాదకుడు గారికి,

బీచ్ రోడ్డు మీద వెళ్తుంటే ఏదో ఒక హోటల్ గేటు దగ్గర ఏదో ఒక సదస్సు ఫ్లెక్సీ కనబడుతూనే ఉంటుంది. జీవశాస్త్రంలో, వైద్యంలో ప్రోటియోమిక్స్ అనే అంశం మీద కూడా విశాఖలో ఒక జాతీయ సదస్సు పెడితే బాగుంటుందని ఇక్కడి అధ్యాపకులు, డాక్టర్లు కొందరు అనుకుంటున్నారు. మంచి ఆలోచనే. 1923 నాటి ఆంధ్ర మెడికల్ కాలేజీ, 1926లో మొదలైన ఆంధ్ర యూనివర్సిటీ, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి, వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్, పరవాడ ఫార్మా సిటీ ఉన్న ఊరికి ఆ అర్హత లేదని ఎవరూ అనలేరు. నా పేచీ అంతా ఎలా పెడతారన్న దాని మీదే. ఆస్పత్రి ల్యాబ్‌లో రోజూ రక్తం, మూత్రం శాంపిళ్లతోనే నా పని. అందుకే ఈ నాలుగు మాటలు.

ప్రోటియోమిక్స్ అంటే మన ఒంట్లో ఉన్న ప్రోటీన్లను ఒక్కొక్కటిగా కాకుండా వేలల్లో ఒకేసారి లెక్కకట్టి చూడడం. జన్యువులు పుట్టినప్పటి నుంచీ దాదాపు ఒకేలా ఉంటాయి. ప్రోటీన్లు అలా కాదు, జ్వరం వస్తే ఒకలా, తగ్గితే ఒకలా మారిపోతాయి. రోగం సంగతి తెలిసేది అక్కడే. షుగర్ ఉన్నవాళ్లందరికీ తెలిసిన హెచ్‌బీఏ1సీ పరీక్షలో చూసేది కూడా హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కి ఎంత చక్కెర అంటుకుందన్నదే. ఇదేదో పైదేశం వాళ్ల వ్యవహారమనీ అనుకోనక్కర్లేదు. 2014లో నేచర్ పత్రికలో వచ్చిన మానవ ప్రోటియోమ్ ముసాయిదా పటంలో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్లతో పాటు బెంగళూరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోఇన్ఫర్మాటిక్స్ శాస్త్రవేత్తలదీ పెద్ద చెయ్యి. 17 వేలకు పైగా జన్యువుల తాలూకు ప్రోటీన్లను వాళ్లు అందులో గుర్తించారు.

అసలు విషయానికి వస్తాను. విశాఖలో సదస్సు పెట్టి, ఢిల్లీలోనో పుణెలోనో పెట్టినా అవే ఉపన్యాసాలు వినిపిస్తే ఇక్కడ పెట్టిన లాభమేంటి? ఇక్కడి నుంచి రైలెక్కితే కొద్ది గంటల్లో పలాస. ఉద్దానం అని పిలిచే ఆ చుట్టుపక్కల కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇవాళ్టికీ గట్టిగా తేలలేదు. మామూలుగా కిడ్నీ దెబ్బతింటే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుంది, మేం దాన్నే చూస్తాం. ఉద్దానం రోగుల్లో చాలామందికి అది ఎక్కువగా పోదు, ఎందుకంటే దెబ్బ వడపోత గుచ్ఛాల కంటే వాటి వెనకున్న సన్న గొట్టాలకు తగులుతుంది. ఇక కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో మేం కొలిచే క్రియాటినిన్, పెరిగే సరికి కిడ్నీ పని చాలావరకు పోయి ఉంటుంది. అంటే మా చేతిలో ఉన్న రెండు పరీక్షలూ ముందే చెప్పలేవన్నమాట. ఆ గొట్టాలు దెబ్బతిన్నప్పుడు మూత్రంలోకి జారే చిన్న ప్రోటీన్లను పట్టుకోగలిగేది ఈ శాస్త్రమే. సదస్సులో ఒక పూటంతా దీనికే కేటాయించినా తక్కువే.

మన్యంలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు సంగతీ అంతే. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ అనే ఇంకోటి వస్తుంది, జబ్బంతా దానివల్లే. దీన్ని అణువు స్థాయి జబ్బు అని లైనస్ పాలింగ్ బృందం 1949లోనే తేల్చింది. 2047 నాటికి దీన్ని నిర్మూలిస్తామని కేంద్రం 2023లో మిషన్ మొదలుపెట్టింది. మరి ఒకే లోపం ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు నెలనెలా నొప్పులతో ఆస్పత్రి పాలవుతుంటే, ఇంకొకరు చక్కగా బడికి ఎందుకు పోగలుగుతున్నారు? పిండదశ హీమోగ్లోబిన్ ఎంత మిగిలిందన్నది ఒక కారణం. మిగతా కారణాలు వెతకడానికి పాడేరు, అరకు కంటే దగ్గర చోటేదీ లేదు.

యంత్రాల గురించి సదస్సులో బోలెడు మాట్లాడతారు. ప్రోటీన్లను బరువును బట్టి గుర్తుపట్టే, కోట్ల రూపాయల మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఉన్నా శాంపిల్ చెడితే చేసేదేమీ ఉండదు. రక్తంలోని ప్రోటీన్లలో సగానికి పైగా ఆల్బుమిన్ ఒక్కటే. అందులో రోగాన్ని పట్టిచ్చే అరుదైన ప్రోటీన్‌ని వెతకడమంటే సింహాచలం చందనోత్సవం రద్దీలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతకడమే. ఆపైన ట్యూబు ఎండలో ఉండిపోయిందనుకోండి, ఎర్ర కణాలు చిట్లి, రక్తంలోని పసుపు నీరు, అదే సీరం, గులాబీ రంగుకి తిరుగుతుంది. ఆ కణాల్లో ఉండాల్సిన ప్రోటీన్లన్నీ బయటికొచ్చేస్తాయి. ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరే లోపు ఎన్ని ట్యూబులు ఇలా అవుతాయో మాకు తెలుసు. ఎంతసేపట్లో సీరం వేరుచేయాలి, మైనస్ 80 డిగ్రీల్లో పెట్టేదాకా ఎలా కాపాడాలి, ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టిస్తే ఏమవుతుంది అని ఒకరోజు చేతులతో చేయించి నేర్పితే అదే పెద్ద మేలు. అది ప్రొఫెసర్లకు కాదు, పాడేరు, టెక్కలి, పలాస ల్యాబుల్లో ట్యూబు పట్టుకునేవాళ్లకు నేర్పాలి.

ఇలాంటి సదస్సులకు నేనూ వెళ్లాను. ముఖ్య అతిథి రావడం ఆలస్యం, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. ఈలోగా పన్నెండవుతుంది. కోత పడేది మాత్రం కుర్రాళ్ల ప్రజెంటేషన్లకే. రెండో స్లైడుకే గంట కొడతారు. పోస్టర్లయితే భోజనాల దారిలో కారిడార్‌లో అంటిస్తారు. పొద్దున్నుంచీ దాని పక్కనే నిలబడ్డ పీజీ అమ్మాయిని ఒక్కరూ పలకరించరు, అందరి చూపూ బిర్యానీ కౌంటర్ వైపే. పోస్టర్లకు విడిగా రెండు గంటలు, కుర్చీల్లేకుండా, తిండి లేకుండా పెట్టి చూడండి.

ఈ సదస్సులకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లాంటి ప్రభుత్వ సంస్థలు గ్రాంట్లిస్తాయి. అది జనం డబ్బే. కాబట్టి ఒక సాయంత్రం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, యూనివర్సిటీ హాల్లోనో, టికెట్ లేకుండా, తెలుగులో ఒక సభ పెట్టడం కనీస ధర్మం. ఉద్దానం ఊళ్లలో రక్తం, నీళ్లు పట్టుకెళ్లిన బృందాలకు లెక్కలేదు. 'మా రక్తంలో ఏం దొరికింది బాబూ' అని అక్కడి రైతు నిలబడి అడిగే వీలు ఒక్కసారైనా ఉండాలి కదా. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పినా తప్పు లేదు.

తేదీల విషయంలో ఒక చిన్న మాట. అక్టోబరు, నవంబరు వద్దు. 2014 అక్టోబరు 12 నాటి తుపాను హుద్‌హుద్‌ని ఈ ఊరు అప్పుడే మరిచిపోదు. జనవరి, ఫిబ్రవరి హాయిగా ఉంటాయి.

మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ప్రోటీన్లను కొలిచే దారి చూపినందుకు 2002లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న కొయిచి తనాకా పీహెచ్‌డీ లేని ఇంజనీరు, ఒక పరికరాల కంపెనీ ఉద్యోగి. అందుకని నిర్వాహకులు రిజిస్ట్రేషన్ ఫారంలో ఫ్యాకల్టీ, స్కాలర్, స్టూడెంట్ పక్కన ల్యాబ్ టెక్నీషియన్ అనే గడి కూడా పెట్టాలని, ఫీజు మా జీతాలకు తగ్గట్టు ఉంచాలని, ఆ రోజులకు మాకు సెలవు కోత లేకుండా ఓడీ (ఆన్ డ్యూటీ) ఇమ్మని జిల్లాల వైద్యాధికారులకు ముందుగానే ఉత్తరం రాయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
మధురవాడ, విశాఖపట్నం