గంటకో పంచ్, ఏడాదిపాటు

సంపాదకుడు గారికి,

పర్ఫార్మెన్స్ ఆర్ట్ (కళాకారుడు తన ఒంటితో, చేతలతోనే చేసి చూపే కళ) అంటే ఒళ్లు కోసుకోవడమేనని కొట్టిపారేసేవాళ్లు తైవాన్‌లో పుట్టిన కళాకారుడు టెచింగ్ షియే సంగతి తెలుసుకోవాలి. 1980 ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు న్యూయార్క్‌లో రాత్రీ పగలూ గంటకోసారి టైమ్ క్లాక్‌లో (ఉద్యోగులు వచ్చిన వేళను కార్డు మీద ముద్రించే గడియారం) కార్డు పంచ్ చేశారు. చేసిన ప్రతిసారీ తన బొమ్మ ఒక ఫ్రేమ్ ఫిల్మ్. మొదలుపెట్టేముందు గుండు చేయించుకున్నారు. ఫిల్మ్ ఆడిస్తే చూస్తుండగానే జుట్టు పెరిగిపోతుంది, ఏడాది ఆరు నిమిషాల్లో అయిపోతుంది. 8,760 పంచ్‌లలో 133 తప్పాయి, వాటిలో 94 నిద్రపట్టేసి. అవీ దాచకుండా లెక్క రాసి పెట్టారు. నాకైతే (గంట గంటకూ లేవడం సంగతి అటుంచి) ఆ నిజాయితీయే నచ్చింది. అప్పటికి ఆయన కాగితాల్లేని వలసదారు, ఓడలోంచి దిగి తప్పించుకొచ్చిన మనిషి. తర్వాత 1981 సెప్టెంబర్ నుంచి మరో ఏడాది, పోలీసులు పట్టుకెళ్లిన కొన్ని గంటలు తప్ప, కప్పు కిందకు వెళ్లకుండా ఆరుబయటే గడిపారు. మీ కళల పేజీలో ఇలాంటి వాళ్లకూ కాస్త చోటివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు