మామునూరులో చిన్న విమానాలకూ కాస్త చోటు

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి నమస్కారం.

మీరు తెలుగువారు కాబట్టి ఈ ఉత్తరాన్ని ఎవరూ అనువదించి మీకు వినిపించనక్కరలేదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి 28న మీ శాఖ పచ్చజెండా ఊపింది. శంషాబాద్ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదని దాని నిర్వాహకులతో ఉన్న ఒప్పందపు అడ్డూ తొలగింది. ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు కేటాయించింది. ఇప్పుడు వరంగల్‌లో ఎవరిని కదిపినా పెద్ద విమానాల మాటే. నేను అడగబోయేది మాత్రం చిన్నవాటి గురించి.

నిజాం హయాంలో, 1930లో వెలసిన విమానాశ్రయమిది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు, ఢిల్లీకి ముప్పుందని ప్రభుత్వ విమానాలను ఇక్కడికి తెచ్చి ఉంచారని మా పెద్దలు గర్వంగా చెప్పుకునేవారు. 1981 తరువాత రాకపోకలు ఆగిపోయాయి. అయినా ఎన్.సి.సి. పిల్లలకు అది గ్లైడర్లు ఎగరేసిన నేల.

వాళ్ళలో నేనూ ఒకణ్ణి. మా నాన్న ఆజంజాహి మిల్లు కార్మికుడు; రైలెక్కడమే మా ఇంట్లో పండుగ. గ్లైడర్‌కు ఇంజను ఉండదు. రన్‌వే అవతలి కొసన ఒక యంత్రం ఇనుప తీగను గిరగిరా చుట్టుకుంటుంటే, ఇవతల ఆ తీగ తగిలించిన మా గ్లైడర్ గాలిపటంలా ముక్కెత్తి లేచేది. పైకి వెళ్ళాక మీట లాగితే తీగ టక్కున ఊడిపోయేది. ఆ తరువాత రెక్కలను ఒరుసుకుపోయే గాలి తప్ప మరో చప్పుడుండదు. కింద మామునూరు చెరువు, పొలం గట్లు, సైకిలు మీద ఎవరో. నాలుగైదు నిమిషాలే. దిగాక మోకాళ్ళు వణికాయి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

మంత్రి గారూ, కొత్త విమానాశ్రయం మొదట్లో రోజుకు ఎన్ని సర్వీసులు చూస్తుంది? మిగతా వేళల్లో అంత పొడవు రన్‌వే ఎండకు ఎండుతుంది. ఒక మూల విమానాలు నిలిపే చిన్న షెడ్డు, అంటే హ్యాంగరు కట్టించి, ఎన్.సి.సి. వైమానిక విభాగానికీ ఒక శిక్షణ పాఠశాలకూ ఆ వేళలు కేటాయించండి. పైలట్ కావాలంటే అప్పు చేసి విదేశాలకు పోవడం మన పిల్లలకు అలవాటైపోయింది. ఎయిర్ అంబులెన్సుకూ హెలికాప్టర్లకూ కొంత జాగా అట్టే పెట్టండి. 2023 జులైలో భూపాలపల్లి వైపు మోరంచవాగు ముంచెత్తినప్పుడు హెలికాప్టర్ల విలువ ఏమిటో మాకు తెలిసొచ్చింది.

ఇంకో మాట. నక్కలపల్లి, గాడెపల్లి రైతులు పరిహారం గురించీ దారి గురించీ అడిగినవి అడ్డుపుల్లలు కావు. రన్‌వే పెరిగి ఊరి దారి మూసుకుపోతే, పొలానికీ బడికీ చుట్టు తిరిగేది వాళ్ళే. ముందు వాళ్ళ దారి తేల్చండి. నా హ్యాంగరు ఆ తరువాతే.

టెర్మినల్ నమూనాలు ఖరారు కాకముందే ఆ మూలను పటం మీద గుర్తు పెట్టించమని మనవి. మీ అధికారులు స్థలం చూడటానికి వస్తే, గ్లైడర్లు ఎక్కడి నుంచి లేచేవో నేను వెంట వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక పాత క్యాడెట్,
వరంగల్